డ్వాక్రా లోనా, వారం కంతుల లోనా: ముందు మొదటి కంతు తేదీ చూడండి

అనంతపురం, కర్నూలు పల్లెల్లో జూన్ వచ్చిందంటే ఆడవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: డ్వాక్రా బ్యాంకు లోను వచ్చేదాకా ఆగాలా, ఇంటి దగ్గరికే వచ్చి ఇస్తామంటున్న మైక్రోఫైనాన్స్ కంపెనీ గ్రూపు లోను తీసుకోవాలా? అందరూ వడ్డీ దగ్గరే మొదలుపెడతారు. వానను నమ్ముకున్న ఊళ్లలో మాత్రం అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. డబ్బు చేతికొచ్చిన ఎన్నో రోజున మొదటి కంతు కట్టాలి?

వడ్డీ లెక్క చూసేద్దాం. కంపెనీ దగ్గర 10,000 తీసుకుంటే మొత్తం 1,200 వడ్డీ అనుకోండి, 50 వారాలు, వారానికి 224. ఇది 12 శాతంలా కనిపిస్తుంది. అసలు వారం వారం తగ్గిపోతుంది కాబట్టి ఏడాదంతా మీ చేతిలో ఉండేది సగటున సగమే. నిజమైన రేటు సుమారు 24 శాతం, అంటే నూటికి రెండు రూపాయలు. డ్వాక్రా సంఘాలకు ఎన్‌ఆర్‌ఎల్‌ఎం (కేంద్రం గ్రామీణ జీవనోపాధుల పథకం) కింద 3 లక్షల దాకా 7 శాతం, నూటికి అరవై పైసలు కూడా పడదు. ఆ పైన రేటు కాస్త పెరుగుతుంది. సున్నా వడ్డీ పథకం కింద ప్రభుత్వం తిరిగిచ్చే డబ్బు ఖాతాలో పడేదాకా దాన్ని లెక్కలో వేసుకోకండి.

ఇప్పుడు అసలు విషయం. ఇదే లెక్కన 40,000 తీసుకుని పొట్టేలు పిల్లలు కొన్నారనుకోండి. కంతు వారానికి 896, రెండో వారం నుంచే మొదలు. పిల్లలు మేసి బరువెక్కి సంతకు పోవడానికి నాలుగు నెలలైనా కావాలి. ఆలోపు 16 కంతులు, అంటే 14,336 కట్టాలి. పొట్టేళ్లు అప్పటిదాకా పైసా ఇవ్వవు. అందుకే జాగ్రత్తపరులు లోనులోనే పద్నాలుగు వేలు పక్కన పెట్టుకుంటారు. మందలోకి పోయేది 26,000 లోపు, వడ్డీ మాత్రం 40,000 మీద. పక్కన పెట్టనివాళ్లు కూలి డబ్బుతో కడతారు. కూలి దొరకని వారం ఇంకో కంపెనీ దగ్గర తీసుకుని ఈ కంతు తీరుస్తారు. అప్పు మీద అప్పు మొదలయ్యేది అక్కడే. శెనక్కాయకైతే ఇంకా కష్టం: జూన్, జులైలో విత్తితే కాయ అమ్మేది దీపావళి దాటాకే.

మొదటి కంతు తేదీ మీద ఆర్థికవేత్తలు ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే బృందం కోల్‌కతాలో చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. కొందరికి మామూలుగా రెండు వారాలకే కంతు మొదలుపెట్టారు, కొందరికి రెండు నెలల గడువు ఇచ్చారు. గడువు దొరికినవాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, తర్వాతి ఏళ్లలో లాభం కూడా ఎక్కువే చూశారు. ఎగవేతలు కూడా పెరిగాయి. కంపెనీలు గడువు ఇవ్వకపోవడానికి కారణం అదే. అదే పరిశోధకులు 2008లో వారం కంతుకూ నెల కంతుకూ పోల్చి చూస్తే ఎగవేతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి వారం వారం కట్టకపోతే జనం ఎగ్గొడతారన్న మాటకు బలం లేదు.

హైదరాబాదులో ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో, గ్లెనర్‌స్టర్, కినన్‌లు 104 బస్తీల్లో చేసిన అధ్యయనం కూడా ఇక్కడ పనికొస్తుంది. 2005 తర్వాత సగం బస్తీల్లో కంపెనీ లోన్లు ముందుగా తెరిచారు. ఇంటి సగటు ఖర్చు పెరగలేదు, ఆడవాళ్ల మాటకు ఇంట్లో విలువ పెరిగిన జాడ లేదు. ముందే వ్యాపారం ఉన్నవాళ్లు మాత్రం దాన్ని పెంచుకున్నారు. టిఫిన్ బండి, కూరగాయలు, చిల్లర అంగడి ఉన్నవాళ్లకు రోజూ గల్లాలో డబ్బు పడుతుంది కాబట్టి వారం కంతు సరిపోతుంది. వాళ్లు కంపెనీ లోను తీసుకుంటే తప్పు లేదు. కంపెనీలు ఉండకూడదని కూడా అనలేం. కంపెనీ లోన్లను కట్టడి చేస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన 2010 అక్టోబరు ఆర్డినెన్సు తర్వాత అప్పు ఎండిపోయిన బయటి రాష్ట్రాల జిల్లాల్లో కూలిరేట్లు పడిపోయాయని బ్రెజా, కినన్ చూపించారు.

సేద్యానికి, జీవాలకు మాత్రం సంఘం లోనే మేలు, అదీ క్యాష్ క్రెడిట్ లిమిట్‌గా తీసుకుంటే. చాలా సంఘాలు దీన్ని అడగనే అడగవు. టర్మ్ లోను, అంటే మొత్తం ఒకేసారి చేతికిచ్చేది అయితే, ప్రతి కంతులో అసలు కూడా కట్టాలి. లిమిట్‌లో అయితే తీసిన మొత్తానికే వడ్డీ. ఖాతా నిలబడాలంటే నెలకోసారి ఆ నెల వడ్డీకి సరిపడా జమ పడితే చాలు. అదే 40,000 మీద 7 శాతానికి నెలకు 233 రూపాయలు. జూన్‌లో విత్తనానికి తీసి, కాయ అమ్మాక డిసెంబరులో నింపుకోవచ్చు.

సంఘంలో చెడేది పంపకం దగ్గర. 10 లక్షలొస్తే పదిమందికీ తలా లక్ష. అవసరం లేనామె తన వాటా ఇంకొకరికిస్తుంది, ఆమె కట్టకపోతే పుస్తకంలో పేరున్న ఈమె కట్టాలి. మీటింగు పుస్తకంలో ఎవరికి ఎంత, దేనికి, ఏ నెలలో తిరిగి కట్టేదీ రాసి సంతకాలు చేయించండి. పొదుపు డబ్బులోంచి ఇచ్చే లోపలి అప్పుకైతే కంతు తేదీ మీ తీర్మానమే.

బంగారం లోను పది పదిహేను రోజుల అవసరానికి మంచిదే, వేలం నోటీసు తేదీ గుర్తుంచుకోండి. చీటీని విత్తు డబ్బుకు నమ్ముకోకండి, పాట మీ చేతిలో ఉండదు. అయిదు రూపాయల వడ్డీ మాటే వద్దు.

కంపెనీ లోనే తీసుకోవాల్సి వస్తే 2022 ఆర్‌బీఐ నిబంధనలు గుర్తుపెట్టుకోండి. అన్ని అప్పుల కంతులూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే కట్టేస్తే జరిమానా లేదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదు. సంతకానికి ముందు లోను కార్డు మీద మొదటి కంతు తేదీ అడగండి. ఆ తేదీకి మీ ఇంట్లోకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేకపోతే ఆ కార్డు తిరిగి ఇచ్చేయండి.