మారేడుమిల్లి సైకిల్ యాత్రకు డబ్బు కట్టే ముందు బ్రేకుల సంగతి అడగండి

కోనసీమలో, భీమవరం వైపు సైకిల్ పందేలకు సిద్ధమవుతున్నవారికి ఈ హెచ్చరిక. పందేనికి ముందు కొండల్లో శిక్షణ ఇస్తామంటూ ఫోన్లకు ప్రకటనలు వస్తున్నాయి. అలాంటి ఒకదానికి మేం నలుగురం మనిషికి తొమ్మిది వేలు కట్టి మారేడుమిల్లి వెళ్లాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

మన డెల్టాలో ఎత్తు అంటే ఎదుర్లంక వంతెనో, చించినాడ వంతెనో. మిగతాదంతా కాలవ గట్టే. కొండ అనగానే ఎక్కగలమా అని బెంగపడతాం గానీ దిగడం గురించి ఎవరమూ అడగం. ఈ వ్యాపారం నడిచేది సరిగ్గా అక్కడే. ప్రకటనలో చెప్పినవి మంచి రోడ్డు సైకిళ్లు, వెంట వచ్చే వ్యాను, మెకానిక్, బస, భోజనం. దక్కినవి బస, భోజనం. బొంగులో చికెన్ బాగుంది, ఆ మాట దాచను.

చింతూరు వైపు ఘాట్ దిగుతుండగా నా సైకిల్ వెనక బ్రేకు మీట హ్యాండిల్ దాకా వచ్చేసింది. ముందు బ్రేకు ఒక్కదానితోనే వేగం తగ్గించి, కొండ వైపు మట్టిలోకి తిప్పి ఆగాను. చూస్తే, చక్రానికున్న డిస్కును (ఇనుప పళ్లేన్ని) నొక్కి ఆపే బ్రేకు ప్యాడ్ల మీద పూత మొత్తం అరిగిపోయి ఇనుప పలకే డిస్కును గీస్తోంది. వ్యాను కోసం చూస్తే లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. వ్యానును ఇంకో బృందం కోసం పంపించారని సాయంత్రం తెలిసింది.

బ్రేకుల మీద ఇంత పట్టుదల ఎందుకంటే లెక్క చూడండి. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలనుకుంటే, 300 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 250 కిలోజౌళ్లు. సమతలం మీద గంటకు 30 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆగితే అది 3 కిలోజౌళ్లే. సగం గాలి తీసుకుపోయినా, మిగతాది నలభైసార్లు ఆగినంత వేడి. రావులపాలెం రోడ్డు మీద ఏళ్ల తరబడి నడిచే బ్రేకు ఘాట్‌లో అరగంట నిలవకపోవచ్చు.

కనుక డబ్బు కట్టకముందే సైకిల్ ఫొటోలు అడగండి. సైకిల్ భాగాలు తయారుచేసే షిమానో కంపెనీ డిస్కు కొత్తగా ఉన్నప్పుడు మందం 1.8 మిల్లీమీటర్లు, 1.5కు తగ్గితే మార్చాలి. ప్యాడ్ పూత 0.5కు దిగితే పారేయాలి. గేర్లూ చూడండి. ముందు 39, వెనక 25 పళ్ల చక్రాలే అన్నిటికంటే తేలికైన గేరైతే, నిమిషానికి 60 సార్లు తొక్కడానికి ఏటవాలు ఎక్కేటప్పుడు కూడా గంటకు 12 కిలోమీటర్ల వేగం ఉండాలి. ముందు 34, వెనక 32 ఉంటే 8 చాలు. మాకిచ్చినవి మొదటి రకం. మోకాళ్లు ఇంకా చెబుతున్నాయి.

ఇంకో మాట, పందెం వారంలోనే ఈ యాత్ర పెడుతున్నారు. అప్పుడు కొత్తగా కొండలెక్కితే అలసట మిగులుతుంది తప్ప బలం రాదు. కనీసం రెండు వారాల ముందు వెళ్లాలి.

డబ్బు వాపసు అడిగితే వచ్చిన జవాబు: "ప్రకృతి అనుభవానికి వాపసు ఉండదండి." బిల్లూ ఇవ్వలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సేవకు, బిల్లులో గడువు రాయకపోతే, 30 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వకపోవడమూ అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు, మొత్తం ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. సైకిల్ తీసుకున్న వెంటనే ప్యాడ్లకు, డిస్కుకు తేదీ కనిపించేలా ఫొటోలు తీసుకోండి. ఇలాంటి యాత్రకే కట్టి మోసపోయినవారుంటే, డబ్బు పంపిన ఫోను రసీదులు చెరపకుండా ఉంచండి. కమిషన్ ముందు బిల్లు లేని లోటు అవే తీరుస్తాయి.