పెళ్లి టైటిళ్లు కొంటున్నారా? ఆల్ఫా ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి

చెన్నైలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే మనవాళ్లందరికీ ఈ మాట చేరాలని రాస్తున్నాను. టైటిల్ వెనక ఖాళీలోంచి కింది వీడియో కనిపించేలా చేసేదే ఆల్ఫా. నేనుండేది వడపళనిలో. పోయిన నెల సాలిగ్రామంలో గ్రాఫిక్స్ చేసే ఒకతని దగ్గర తెలుగు పెళ్లి టైటిళ్ల ప్యాక్ కొన్నాను. 20 క్లిప్పులు, 6,000 రూపాయలు, సగం అడ్వాన్సు. "అన్నీ ట్రాన్స్‌పరెంటే అన్నా, వీడియో మీద పెట్టేసుకోవడమే" అన్నాడు. ఫోన్లో చూపించిన డెమో నిజంగా బాగుంది. పైన మామిడాకుల తోరణం, కింద బంగారు అక్షరాల్లో పేర్లు, మధ్యలో రాలుతున్న తలంబ్రాలు. ఒత్తులు చెదరకుండా తెలుగు టైటిళ్లు చేసేవాళ్లు ఇక్కడ దొరకడమే కష్టం. అందుకే వెనకాముందు చూడకుండా 3,000 పంపేశాను.

ఇంటికొచ్చి టైమ్‌లైన్ మీద పెట్టగానే జీలకర్ర బెల్లం షాట్ మొత్తం నల్లటి తెర కింద మాయమైపోయింది. ఇంకో రెండు క్లిప్పులైతే మరీ ఘోరం. ఖాళీ ఉందని చూపించడానికి సాఫ్ట్‌వేర్‌లో బూడిద, తెలుపు గళ్లు కనిపిస్తాయి కదా, ఆ గళ్లే వీడియోలో అచ్చుపడి ఉన్నాయి. ఫైళ్లన్నీ హెచ్.264 (వీడియోని కుదించే ఒక పద్ధతి, అంటే కోడెక్) ఎంపీ4లు. మనం వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ రకం ఫైల్లో ఆల్ఫా రాదు. ఎక్కడ బొమ్మ ఉంది, ఎక్కడ ఖాళీ ఉంది అని చెప్పే నాలుగో ఛానెల్ (మొదటి మూడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులవి) అందులో ఉండదు కాబట్టి ఖాళీ అంతా నలుపైపోతుంది.

ఫోన్ చేస్తే "మీ సిస్టంలో ఏదో ప్రాబ్లం, బ్లెండింగ్ స్క్రీన్ మోడ్‌లో పెట్టుకోండి" అన్నాడు. ఆ మోడ్ నలుపుని మాయం చేసి వెలుతురుని మాత్రమే కింది వీడియోకి కలుపుతుంది. పెట్టి చూశాను. నలుపు పోయింది, దాంతోపాటే అక్షరాల చుట్టూ ఉన్న ముదురు మెరూన్ అంచు, కింది నీడ కూడా పోయాయి. పెళ్లికొడుకు తెల్ల పంచె మీదికి వచ్చేసరికి పేర్లు అసలు కనిపించలేదు. స్క్రీన్ మోడ్ నిప్పురవ్వలకీ మెరుపులకీ పనికొస్తుంది గానీ టైటిళ్లకి కాదు.

మళ్లీ అడిగితే అవే ఫైళ్లు ఎంఓవి అని పేరు మార్చి పంపాడు. ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో తెరిస్తే కోడెక్ దగ్గర ఏవీసీ అనే ఉంది, అంటే అదే హెచ్.264. మోసపోయానని నాకు అప్పుడు అర్థమైంది. ఆల్ఫా పట్టే కోడెక్ ప్రోరెస్ 4444లో ఇవ్వమంటే "అది మ్యాక్‌లోనే వస్తుంది" అన్నాడు. అది అబద్ధం. అడోబీ 2018 చివర్లోనే విండోస్‌లోనూ ప్రోరెస్ ఎక్స్‌పోర్ట్ ఇచ్చింది. గట్టిగా నిలదీశాక 4444లో చేసి పంపాడు, అయినా వెనక నలుపే! గ్రాఫిక్స్ చేసే అడోబీ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో, ఎక్స్‌పోర్ట్ సెట్టింగులుండే అవుట్‌పుట్ మాడ్యూల్‌లో ఛానెల్స్ దగ్గర ఆర్‌జీబీ అని ఉన్నది ఆర్‌జీబీ ప్లస్ ఆల్ఫాగా మార్చాలి. మార్చకపోతే 4444 అయినా ఒకటే. ఈ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ప్రోరెస్ 422 అని ఎవరైనా ఇస్తే అసలు తీసుకోకండి, అందులో ఆల్ఫాకి చోటే లేదు.

నాలుగోసారి వచ్చినవాటిలో ఆల్ఫా ఉంది. కానీ ప్రతి అక్షరం చుట్టూ కాటుక గీసినట్టు సన్నటి నల్లగీత. రెండు వందల శాతం జూమ్ చేస్తే తలంబ్రాల గింజ గింజకీ ఉంది. నలుపుతో ప్రీమల్టిప్లై చేసిన, అంటే అంచుల రంగులో ముందే నలుపు కలిపేసిన ఫైల్‌ని, ఏమీ కలపని స్ట్రెయిట్ ఫైల్‌లా చదివితే అలా వస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌కి వెళ్లి ప్రీమల్టిప్లైడ్, రంగు నలుపు అని పెడితే గీత పోయింది. ఇలాంటి ఫైళ్లు ఇప్పటికే కొని ఉంటే పారేయకండి, ముందు ఇది చేసి చూడండి.

వాట్సాప్‌లో మామూలు వీడియోగా వచ్చిన శాంపిల్ చూసి మాత్రం ఎవరూ డబ్బు కట్టొద్దు. వాట్సాప్ దాన్ని కుదించి ఎంపీ4 చేసేస్తుంది, అందులో ఏ ఆల్ఫా మిగలదు. ఐదు సెకన్ల క్లిప్ డాక్యుమెంట్‌గానో డ్రైవ్‌లోనో తెప్పించుకోండి. డ్రైవ్‌లో ప్లే చేసి చూసుకుంటే చాలదు, డౌన్‌లోడ్ చేసి మీ టైమ్‌లైన్‌లో కింద ఒక ఎర్ర లేయర్, తర్వాత ఒక తెల్ల లేయర్ పెట్టి అంచులు చూడండి. సైజు చూసి భయపడకండి. ఫుల్ హెచ్‌డీ 4444 అంటే సెకనుకి 30, 40 ఎంబీ దాకా పోవచ్చు. అంత సైజు వద్దనుకుంటే పీఎన్‌జీ సీక్వెన్స్, అంటే ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మగా, అడగండి. ఆరు సెకన్ల టైటిల్‌కి సెకనుకి 25 ఫ్రేముల లెక్కన 150 బొమ్మలు వస్తాయి, ఆర్‌జీబీ ప్లస్ ఆల్ఫాతో చేయిస్తే ఆల్ఫా పక్కాగా ఉంటుంది.

20 క్లిప్పుల్లో 11 మాత్రమే నాకు పనికొచ్చాయి. వీడియో చూడటానికి పెళ్లికూతురి నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చే రోజుకి మిగతావి రాత్రంతా కూర్చుని నేనే చేసుకున్నాను. పనికిరాని తొమ్మిదింటి డబ్బు వెనక్కివ్వమని అడిగి పది రోజులైంది. అతను ఫోన్ ఎత్తడం లేదు.