రెండు డబ్బాల మెష్ వైఫై, రెండేళ్లు వాడాక

వైఫై 6 మెష్ సెట్ (ఒకే పేరుతో ఇల్లంతా వైఫై పంచే డబ్బాల జత) ఒకటి, రెండు డబ్బాలది, మా ఇంట్లో రెండేళ్లకు పైగా నడుస్తోంది. బ్రాండ్ పేరు రాయను. ఈ ధరలో వచ్చే సెట్లన్నీ పనితీరులో దగ్గర దగ్గరగానే ఉంటాయి, పైగా నేను చెప్పబోయేదాంట్లో సగానికి పైగా మీరు ఏది కొన్నా వర్తిస్తుంది. స్టార్లు ఇవ్వమంటే మొదటి కొన్ని నెలలకి ఐదుకి రెండు, ఆ తర్వాత నుంచి ఇప్పటిదాకా నాలుగున్నర. మధ్యలో సెట్ మార్చలేదు. రెండు డబ్బాల మధ్య ఒక వైరు లాగించాను, అంతే తేడా.

ఇల్లు ఎలాంటిదో చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం ఉండదు. ఉండేది విశాఖలో, కింద మేము, పైన అత్తగారూ మామగారూ, మధ్యలో చువ్వలు దట్టంగా వేసిన స్లాబు. గోడలు తొమ్మిదంగుళాల ఇటుకవి. హాలుకీ నేను పనిచేసుకునే గదికీ మధ్య గోడకి ఆనించి పాతకాలపు ఇనుప బీరువా, దానికో నిలువుటద్దం. వైఫై అందకూడదని పనిగట్టుకుని కట్టినా ఇంతకంటే బాగా కుదరదు: కాంక్రీటు సిగ్నల్‌ని మింగేస్తుంది, బీరువా ఇనుమూ అద్దం వెనక పూతా దాన్ని వచ్చిన దారినే తిప్పి కొడతాయి. ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు వైరు ఏ కిటికీలోంచి లోపలికొచ్చిందో ఆ కిటికీ పక్కనే, టీవీ వెనక, రౌటర్ డబ్బా బిగించేసి వెళ్లిపోయాడు. చాలా ఇళ్లలో ఇంతే. వాళ్లకి వైరు మిగలాలి, మనకేమో సిగ్నల్ నడిమింట్లో కావాలి.

ప్లాన్ 200 ఎంబీపీఎస్‌ది. ఫోన్లో వైఫై గుర్తు నిండుగానే కనిపించేది, కానీ వీడియో కాల్ మధ్యలో ఎదుటి మనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోయేవాడు. సాయంత్రం ఏడు దాటితే మరీ ఘోరం. పై నుంచి మామగారు మెట్ల దగ్గరికొచ్చి "ఏం బాబూ, నెట్టు మళ్లీ పోయిందా?" అని అడగడం రోజువారీ కార్యక్రమం అయిపోయింది.

సెట్ కొనేముందు చేసిన పని ఒకటుంది, ఎవరడిగినా మొదట అదే చెప్తాను. ల్యాప్‌టాప్‌లో రెండు విండోలు తెరిచి, ఒకదాంట్లో ఇంట్లోని డబ్బా అడ్రసుకి (మాది 192.168.1.1, మీది డబ్బా కింద స్టిక్కర్ మీద ఉంటుంది), రెండోదాంట్లో బయట గూగుల్ వాళ్ల 8.8.8.8 కి ఆగకుండా పింగ్ (జవాబొస్తుందో లేదో చూసే చిన్న సందేశం) కొడుతూ వదిలేయాలి. నెట్ ఆగినప్పుడు రెండూ ఆగిపోతే గొడవ మన ఇంట్లో, అంటే గాల్లోనో డబ్బాలోనో ఉంది. ఇంటి డబ్బా చక్కగా రెండు మూడు మిల్లీసెకన్లలో జవాబిస్తూ బయటిది మాత్రం ఆగితే తప్పు లైనుది. ఈ ముక్క తెలియకుండా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వాళ్లు రీస్టార్ట్ చేయమంటారు, మనం చేస్తాం, అరగంట బాగుంటుంది, మళ్లీ మొదలు.

మాకు రెండు రకాలూ ఉన్నాయి, అందుకే అంత తికమక. లైను సంగతి ముందు తేలింది. డబ్బా సెట్టింగుల్లో ఆప్టికల్ పవర్ అని ఒక పేజీ ఉంటుంది, అక్కడ అందుతున్న వెలుగు డీబీఎంలో (సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం) కనిపిస్తుంది. సాధారణంగా మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27, 28 దగ్గరికొస్తే ఇళ్లలో పెట్టే మామూలు జీపాన్ (ఫైబర్ నెట్) డబ్బాలు ఇక ఆ వెలుగుని సరిగ్గా చదవలేవు, లాస్ (సిగ్నల్ అందట్లేదు) అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు మిణుకుమంటుంది. మాది మైనస్ 26 చిల్లర, వానొస్తే ఇంకా కిందకి. మామూలుగా వచ్చే కుర్రాడు ఫోన్లో స్పీడ్ టెస్ట్ కొట్టి "బానే ఉంది కదా సార్" అని వెళ్లిపోయేవాడు. ఈసారి ఆ పేజీ ఫొటో తీసి పంపించాను. మీటరుతో ఇంకో అతను వచ్చాడు, స్తంభం దగ్గర జాయింటు చూసి "లైట్ బాగా పడిపోయింది సార్, ఇది మళ్లీ స్ప్లైస్ కొట్టాలి" అన్నాడు, అంటే ఫైబర్‌ని కోసి మళ్లీ అతికించాలి. కొట్టాక మైనస్ 20కి వచ్చింది. అంకె చూపించి మాట్లాడితే ఫిర్యాదు మీద వచ్చే మనిషే మారతాడు.

కరెంటుది ఇంకో కథ. మా వైపు కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టర్ అందుకునేది, ఫ్యాను తిరుగుతూనే ఉండేది, కానీ నెట్ మాత్రం రెండు మూడు నిమిషాలు మాయం. ఇన్వర్టర్ లైను మార్చుకునే ఆ కాస్త విరామానికే డబ్బా ఆగి మళ్లీ మొదటి నుంచి లేచేది. చాలా ఇన్వర్టర్లకి వెనక యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, అది వేస్తే మారడం వేగంగా జరుగుతుంది. మాకు దాంతో కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. రౌటర్ల కోసమే అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొని మధ్యలో పెట్టాక ఆ బాధ లేదు. కొనేటప్పుడు మీ అడాప్టర్ మీద రాసిన వోల్టులూ ఆంపియర్లూ చూసి, అవే వోల్టులది, అన్ని ఆంపియర్లకు తగ్గనిది తీసుకోండి. కొన్ని డబ్బాలు 9 వోల్టులవి, వాటికి 12 తగిలిస్తే అంతే సంగతులు.

ఇంతా చేశాక మిగిలింది గాలి సమస్య. మెష్ కొన్నది దానికోసమే.

వైఫై నడిచే రెండు బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దగ్గర 13 ఛానళ్లున్నాయని చెప్తారు కానీ, ఒకదానికొకటి తగలకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 మూడే. ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో కనెక్షన్ తినేది 20. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ పెట్టి చూస్తే మా వీధి అంతా 6 మీదే కూర్చుంది, ఒకాయన రౌటర్ 40 వెడల్పుతో అటూ ఇటూ కాళ్లు చాపుకుని ఉంది. ఏడు దాటితే ఎందుకు కదలదో అప్పుడర్థమైంది: అందరూ ఇళ్లకొచ్చి ఓటీటీలు పెడతారు, ఒకే గాలి అందరూ పంచుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా దాదాపు ఇదే ఫ్రీక్వెన్సీలో, బ్లూటూత్‌దీ ఇదే చోటు. రెండో బ్యాండు 5 గిగాహెర్ట్జ్ ఖాళీగా ఉంటుంది, వేగం ఎక్కువ, కానీ గోడలు దాటలేదు. మా పాత డబ్బా ఇచ్చే 5 గిగాహెర్ట్జ్ బీరువా దాటేసరికి మైనస్ 80 డీబీఎం దగ్గర ఉండేది. వీడియో కాల్ ఆగకుండా నడవాలంటే మైనస్ 67 లేదా అంతకంటే బలంగా, అంటే సున్నా వైపు, ఉండాలి.

మెష్ వచ్చింది. ఒక డబ్బా కింద హాల్లో, రెండోది పైన మెట్ల పక్కన. సెటప్ పావుగంట, యాప్ చెప్పినట్టు చేసుకుంటూ పోతే చాలు, ఇందులో వంక పెట్టడానికేం లేదు. కింద వెంటనే బాగుపడింది, ఎందుకంటే హాలు డబ్బాని టీవీ వెనక కాకుండా గుమ్మం పైన అరలో పెట్టాం. నిజానికి ఆ మార్పు పాత డబ్బాతో చేసినా కొంత ఫలితం ఉండేదనే నా నమ్మకం. పైన మాత్రం రెండో డబ్బాకి పచ్చ లైటు వెలుగుతూనే ఉండేది, స్పీడ్ 30 ఎంబీపీఎస్ దాటేది కాదు, మామగారి సీరియల్ మధ్యమధ్యలో గుండ్రంగా తిరిగేది. పచ్చ లైటు అంటే రెండు డబ్బాలు ఒకదానికొకటి కనిపిస్తున్నాయని మాత్రమే, ఎంత వేగంగా మాట్లాడుకుంటున్నాయో అది చెప్పదు. మాది రెండు బ్యాండ్ల సెట్. పై డబ్బా కింది దాంతో మాట్లాడటానికీ, పైన ఉన్న టీవీతో మాట్లాడటానికీ ఒకే 5 గిగాహెర్ట్జ్ రేడియో వాడుతుంది. ఒక్కో ముక్కా రెండుసార్లు గాల్లో ప్రయాణించాలి కాబట్టి వేగం దగ్గర దగ్గర సగానికి పడుతుంది, అది కూడా ఆ రెండింటి మధ్య సిగ్నల్ బాగుంటే. మధ్యలో స్లాబు ఉన్నాక ఇక సగం కూడా ఎక్కడిది? ప్లగ్గులో గుచ్చే చవక ఎక్స్‌టెండర్లకీ ఇదే రోగం. అట్టపెట్టె మీద ఇన్ని వేల చదరపు అడుగులు అని రాసేవాళ్లు మన స్లాబుల్ని చూసి రాసినట్టు లేదు.

అప్పుడు వైరు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, కేబుల్ టీవీ కోసం ఎప్పుడో వేసిన గొట్టం ఖాళీగా ఉంటే అందులోంచి క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించాను. మీటరు 25 రూపాయల దాకా పడింది, ఇంతకంటే బాగా చవగ్గా ఇస్తామంటే అల్యూమినియం మీద రాగి పూత పూసిన రకం అయ్యుంటుంది, అడిగి పూర్తి రాగిదే తీసుకోండి. పైన తగిలించి స్పీడ్ టెస్ట్ కొడితే ఎన్నిసార్లు చూసినా 94. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన అంకె. వైరు మీద 93, 94 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతోందంటే లింకు గిగాబిట్‌లో కాకుండా 100లో కట్టిందని అర్థం. లోపల ఎనిమిది తీగలుంటాయి, 100 ఎంబీపీఎస్‌కి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ పలకాలి. క్రింపింగ్‌లో (చివర ప్లగ్గు బిగించడంలో) మిగతా నాలుగింటిలో ఒక్క తీగ సరిగ్గా దిగకపోయినా 100లో నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అతను "నెట్టొస్తోంది కదండీ, ఇంకేం కావాలి" అన్నాడు. ఇంకోసారి కోసి క్రింప్ చేయించాక పైన కూడా 200కి దగ్గరగా వచ్చింది. అప్పటి నుంచి మెట్ల దగ్గర కేకలు లేవు.

ఆ తర్వాత వచ్చిన చిల్లర తలనొప్పులు. కంపెనీ ఇచ్చిన పాత డబ్బా వైఫై ఆపేశాను, లేకపోతే ఫోన్లు దాన్నే పట్టుకుని వేలాడతాయి. మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాను, రౌటర్ పనంతా ఫైబర్ డబ్బాదే. రెండూ రౌటర్లుగా ఉంటే పాత డబ్బాకి తగిలించిన ప్రింటర్ ఒక నెట్‌వర్క్‌లో, ల్యాప్‌టాప్ ఇంకో నెట్‌వర్క్‌లో ఉండి ఒకదానికొకటి కనిపించవు. డబ్ల్యూపీఏ 3 (వైఫై పాస్‌వర్డ్ భద్రతలో కొత్త రకం) పెడితే స్మార్ట్ బల్బులు అలిగాయి. వాటికి 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ 2 ఉన్న వేరే పేరు సృష్టించి అందులో పడేశాను, గెస్ట్ నెట్‌వర్క్ దీనికి బాగా పనికొస్తుంది.

అన్నిటికంటే విచిత్రమైంది ఇంకోటి. అప్పుడప్పుడూ ఏ కారణం లేకుండా 5 గిగాహెర్ట్జ్ పేరు మాయమై, ఒక నిమిషం తర్వాత మళ్లీ కనిపించేది. లాగ్ తెరిస్తే రాడార్ కనిపించిందని రాసుంది! 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లు రాడార్లు కూడా వాడుకునేవి. అక్కడ రాడార్ జాడ తగిలితే రౌటర్ వెంటనే ఆ ఛానల్ ఖాళీ చేసి అరగంట దాకా తిరిగి రాకూడదు, అలాంటిదే ఇంకో ఛానల్‌కి వెళ్తే మాట్లాడేముందు 60 సెకన్లు వినాలి. ఆటోలో వదిలేస్తే మా సెట్ అక్కడికే పోయి కూర్చునేది. నేవీ, పోర్టు, ఎయిర్‌పోర్టు అన్నీ ఉన్న ఊరు మాది, నిజంగా రాడారేనో లేక డబ్బా ఏదో చూసి భ్రమపడిందో నాకనవసరం. ఛానల్ 149కి కట్టేశాను, 36 అయినా ఫర్వాలేదు, ఆ రెండూ ఈ నిబంధన కిందకి రావు. కొన్ని చవక మెష్‌లలో ఛానల్ మనం ఎంచుకునే వీలే ఉండదు. కొనేముందు ఇది చూసుకోండి, నా దృష్టిలో అది లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా దండగ.

ఇప్పటికీ నచ్చనివి: యాప్‌లోకి వెళ్లాలంటే ఖాతా తెరవాల్సిందే, నా ఇంట్లో డబ్బా చూసుకోవడానికి వాళ్ల లాగిన్ ఎందుకో. పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చినప్పుడు సెట్టింగులు కొన్ని మొదటికొచ్చాయి, ఛానల్ కూడా మళ్లీ ఆటోలోకి వెళ్లింది. ఎండాకాలంలో పై డబ్బా బాగా వేడెక్కుతుంది, దాన్ని గోడకి దూరంగా పెట్టాం. కింద నుంచి పైకి నడిచేటప్పుడు పాత ఫోన్లు కింది డబ్బానే పట్టుకుని వదలవు, కొత్తవి మాత్రం కాల్ తెగకుండా మారిపోతాయి.

సెట్‌కి 7,000 చిల్లర అయింది, వైరూ ఎలక్ట్రీషియన్ కలిపి 2,000 లోపు. అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అయితే మెష్ అక్కర్లేదు, ఉన్న డబ్బాని ఇంటి మధ్యకి జరపడానికి పొడుగు ప్యాచ్ కార్డు (డబ్బాకి తగిలించే ఫైబర్ వైరు) అడగండి. అద్దె ఇల్లు, గోడకి మేకు కొట్టినా ఓనర్ ఊరుకోడు అంటే, గుమ్మాల అంచునే అంటించుకుంటూ పోయే బల్లపరుపు కేబుల్ దొరుకుతుంది, చూడ్డానికి అంత బాగోదు కానీ పని చేస్తుంది. అది కూడా కుదరకపోతే డబ్బాలు మాట్లాడుకోవడానికి వేరే రేడియో ఉన్న మూడు బ్యాండ్ల సెట్ తీసుకోవాలి, ధర దాదాపు రెట్టింపు. వైరు లేకుండా రెండు బ్యాండ్లవే మూడు డబ్బాల ప్యాక్ మాత్రం ఆఫర్‌లో ఎంత చవగ్గా కనిపించినా వద్దు.