40 వాట్ అవర్లతో మూడేళ్లు

వాల్వ్ కంపెనీ చేసే, చేత్తో పట్టుకుని పీసీ గేములు ఆడే పరికరం స్టీమ్ డెక్. ఎల్‌సీడీ తెర ఉన్న మొదటి మోడల్ నా చేతికొచ్చి మూడేళ్లు దాటింది. మొదటి వారం ఎల్డెన్ రింగ్ అనే పెద్ద గేమ్ పెట్టుకుని కూర్చున్నాను. సెట్టింగులేవీ ముట్టుకోలేదు, వెలుతురు పూర్తిగా పెంచాను. గుహలోంచి బయటపడి తలెత్తి చూస్తే గంటన్నర గడిచింది, బ్యాటరీ చివరికొచ్చేసింది. ఆ తర్వాత కొన్ని వారాలు గేమ్ కంటే బ్యాటరీ శాతం మీదే నా కళ్లుండేవి. సేవ్ చేసే చోటు దాకా చేరతానో లేదోనని టెన్షన్. అదే ఏడాది, అదే పరికరంలో, అదే గేమ్‌ని రెండుంబావు గంటలు ఆడగలిగాను. బ్యాటరీ మార్చలేదు, కొత్తగా ఏమీ కొనలేదు. మధ్యలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక భాగహారం. ఈ డెక్ బ్యాటరీ 40 వాట్ అవర్లు, అంటే గంటకు 40 వాట్లు లాగితే గంటలో అయిపోయేంత. పరికరం మొత్తం కలిపి 20 వాట్లు లాగితే రెండు గంటలు, 10 వాట్లు లాగితే నాలుగు గంటలు. 2 నుంచి 8 గంటలని కంపెనీ చెప్పే లెక్క కూడా ఇదే భాగహారానికి రెండు కొసలు. మొదట్లో నన్ను తప్పుదారి పట్టించింది చిప్ పరిమితి. చిప్ లాగగలిగే కరెంటుకు పెట్టిన ఈ హద్దును టీడీపీ అంటారు. అది 15 వాట్లు కాబట్టి 40ని 15తో భాగించి రెండున్నర గంటల పైనే వస్తాయని లెక్క వేసుకున్నాను. కానీ ఆ 15 వాట్లు చిప్ ఒక్కదానివే. తెర, మెమరీ, గేములు దాచే ఎస్‌ఎస్‌డీ, వైఫై, ఫ్యాన్, కరెంటు మార్పిడిలో పోయే నష్టం, ఇవన్నీ దాని పైన. పెద్ద గేమ్‌లో నా తెర మీద కనిపించే మొత్తం 24, 25 వాట్లు. 40ని 25తో భాగిస్తే గంటా ముప్పై ఆరు నిమిషాలు. ఆ మొదటి వారం అనుభవానికి ఇదీ కారణం.

ఈ మొత్తం అంకె చూడటం చాలా తేలిక. కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కి, పెర్ఫార్మెన్స్ పేజీలో ఓవర్లేని రెండో మెట్టుకు జరిపితే తెర పైన సన్నని పట్టీ వస్తుంది. అందులో బ్యాటరీ శాతం పక్కనే వాట్లు ఉంటాయి. చార్జర్ తీసేసి చూడాలి. నా మాట నమ్మి ఒక్క వారం ఆ పట్టీని ఉంచుకుని ఆడండి. ఏ గేమ్, ఏ సన్నివేశం ఎంత తింటోందో మీకే తెలిసిపోతుంది. నాకు బాగా ఆశ్చర్యం కలిగించినవి మెనూలు. యుద్ధం జరుగుతున్నప్పటి కంటే, ఫ్రేములకు (సెకనుకు గీసే బొమ్మలకు) అదుపు లేని మెనూ తెర మీద ఎక్కువ వాట్లు పోయిన గేములు చూశాను. ఫోన్ వస్తే మెనూలో వదిలేసి మాట్లాడే అలవాటుండేది, అప్పటితో మానేశాను. ఇప్పుడు పవర్ బటన్ ఒకసారి నొక్కి స్లీప్‌లో పెడతాను.

ఇక అసలు మార్పు తెచ్చింది ఫ్రేమ్ లిమిట్, అంటే సెకనుకు ఇన్ని ఫ్రేములే గీయమని పెట్టే హద్దు. చిప్ వేగం పెంచాలంటే వోల్టేజ్ కూడా పెంచాలి. ఖర్చయ్యే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ వర్గంతోనూ (స్క్వేర్‌తోనూ) పెరుగుతుంది. అందుకే చివరి కొద్దిపాటి వేగం కోసం పెట్టే వాట్లు చాలా ఖరీదైనవి. 60 ఫ్రేముల నుంచి 40కి దిగితే వదులుకునే ఫ్రేములు మూడో వంతు. చిప్ ఆయాసపడుతున్న గేములో మిగిలే కరెంటు ఆ లెక్కకు మించే ఉంటుంది.

40 అంటే తక్కువ కదా అనిపించవచ్చు, నాకూ అనిపించింది. కానీ ఫ్రేముల సంఖ్యతో కాకుండా, ఒక్కో ఫ్రేము మధ్య ఎడంతో ఆలోచించండి. 30 ఫ్రేముల దగ్గర ఎడం 33.3 మిల్లీసెకన్లు, 60 దగ్గర 16.7. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యన ఉండేది 25, అంటే 40 ఫ్రేములు. చేతికి తెలిసే చురుకుదనంలో 40 సగం దూరం వచ్చేసినట్టే. అయితే తెర కూడా దానికి తగ్గట్టు ఉండాలి. 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే తెర మీద 40 ఫ్రేములు సమంగా సర్దుకోవు. ఒక ఫ్రేము తెర ఒకసారి మారేదాకా, తర్వాతిది రెండుసార్లు మారేదాకా నిలబడి కదలిక కుంటుతుంది. ఎల్‌సీడీ డెక్ తెరను 40 హెర్ట్జ్‌కి దించవచ్చు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. తర్వాత వచ్చిన ఓఎల్‌ఈడీ తెర మోడల్‌లో 80 హెర్ట్జ్ మీద ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు చూపిస్తారు. 120 హెర్ట్జ్ తెరలకైతే 40 మూడింతలుగా సరిపోతుంది. కథ ఎక్కువగా ఉండే గేములన్నీ నేనిప్పుడు 40లోనే ఆడుతున్నాను. 60 పెట్టేది వేగంగా గుండీలు నొక్కాల్సిన వాటికి మాత్రమే. ఎల్డెన్ రింగ్ మాత్రం ఈ చిప్ మీద 40 దగ్గర నిలకడగా నిలవదు. అక్కడ 30కి దిగి, గ్రాఫిక్స్ తగ్గించాకే ఆ రెండుంబావు గంటలు వచ్చాయి.

టీడీపీ తగ్గించడం దీని తర్వాతి పని. చాలామంది ముందు టీడీపీ పట్టుకుని లాగుతారు, గేమ్ తడబడగానే విసుగొచ్చి వదిలేస్తారు. ఫ్రేమ్ లిమిట్ పెడితే పని అయిపోయిన చిప్ విశ్రాంతి తీసుకుంటుంది. టీడీపీ పరిమితి అలా కాదు, పని మిగిలున్నా ఇంతకు మించి తాగకూడదని చెప్పడం. కాబట్టి ముందు ఫ్రేమ్ లిమిట్ పెట్టండి. ఆ తర్వాత బాగా రద్దీగా ఉండే చోటుకు వెళ్లి, టీడీపీని ఒక్కో వాట్ చొప్పున దించుతూ పోండి. తడబాటు మొదలైన చోట ఆగి ఒక వాట్ పైకి రండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే గిన్నెలోంచి తాగుతాయి. పరిమితి మరీ బిగిస్తే ప్రాసెసర్ తన వాటా లాక్కుని గ్రాఫిక్స్‌ని ఆకలితో ఉంచుతుంది. గేముకో ప్రొఫైల్ (ఆ గేముకు పెట్టిన సెట్టింగులు) విడిగా దాచుకునే స్విచ్ అదే పెర్ఫార్మెన్స్ పేజీలో ఉంది. అది వేసుకుంటే ప్రతిసారీ ఈ తంటా ఉండదు.

వెలుతురు తగ్గిస్తే బ్యాటరీ ఎక్కువ వస్తుందని అందరూ చెబుతారు. ఎక్కడ వస్తుందో చెప్పరు. తెర దగ్గర రెండు వాట్లు మిగిలాయనుకోండి. 24 వాట్లు తినే గేములో అది 22 అవుతుంది. గంటా నలభై నిమిషాలు కాస్తా గంటా నలభై తొమ్మిది అవుతుంది, అంతే. ఆ తొమ్మిది నిమిషాల కోసం చీకట్లో చిత్రాలు చూడక్కర్లేదు. అదే స్టార్‌డ్యూ వ్యాలీ లాంటి చిన్న గేము మొత్తం 9 వాట్లు తింటుంటే, రెండు తగ్గి 7 అవుతుంది. దాదాపు నాలుగున్నర గంటలు కాస్తా అయిదు గంటలా నలభై నిమిషాలు దాటుతుంది. చిన్న గేముల్లో చిప్ ఎలాగూ కొద్దిగానే తింటుంది, ఖర్చంతా మిగతా భాగాలదే. కాబట్టి అక్కడ వెలుతురు, వైఫై చూసుకోవాలి. పెద్ద గేముల్లో ఫ్రేములు, టీడీపీ చూసుకోవాలి.

మిగతా పరికరాలను కూడా ఈ కళ్లతోనే చూస్తాను. 2023లో ఏసుస్ నుంచి వచ్చిన ఆర్‌ఓజీ ఆలీలోనూ బ్యాటరీ 40 వాట్ అవర్లే. చిప్ మాత్రం బ్యాటరీ మీదే 25 వాట్ల దాకా వెళ్లగలదు. ఆ స్థాయిలో డెక్ కంటే చాలా ముందుంటుంది, కానీ మొత్తం 35 వాట్ల దగ్గరకు చేరితే గంట పైన ఇంకెన్ని నిమిషాలు వస్తాయో లెక్క మీకే తెలుస్తుంది. 2024లో ఆలీ ఎక్స్‌కి 80 వాట్ అవర్లు పెట్టారు, నా దృష్టిలో ఆ ఏడాది ఈ రంగంలో జరిగిన మంచి పని అదే. లెనోవో మొదటి లీజియన్ గోకి 49.2. డెక్ ఓఎల్‌ఈడీకి 50, దాంతో పాటు చిప్‌ని 7 నుంచి 6 నానోమీటర్ల తయారీకి మార్చారు, అంటే అదే పనికి తక్కువ కరెంటు. నల్లని చోట్ల పిక్సెళ్లు ఆరిపోయే తెర కూడా వచ్చింది. బ్యాటరీ పావు వంతే పెరిగినా, లాగే వాట్లు కూడా తగ్గడంతో ఆడే సమయం అంతకు మించి పెరిగింది. 3 నుంచి 12 గంటలని కంపెనీ చెప్పే లెక్కకు మూలం ఈ రెండూ కలవడమే.

నా దగ్గరున్న రెండో హ్యాండ్‌హెల్డ్ గురించి ఒక సంగతి చెప్పాలి. రాత్రి నిండా చార్జ్ చేసి, స్లీప్‌లో పెట్టి సంచిలో వేశాను. మర్నాడు ప్రయాణంలో తీసేసరికి సంచి వేడెక్కి ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది, బ్యాటరీ 11 శాతం. ఏదో అప్‌డేట్ కోసం తనంతట తానే లేచిందట. ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా, నిద్రలో కారిపోతుంటే దాన్ని నమ్ముకుని బయటికి వెళ్లలేం. పవర్ బటన్‌కి స్లీప్ బదులు, ఆట స్థితిని దాచి పూర్తిగా ఆపేసే హైబర్నేట్ పెట్టాక ఆ బాధ తీరింది. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, పరవాలేదు.

పవర్ బ్యాంక్ కొనేటప్పుడు మిల్లీ యాంపియర్ అవర్ల కంటే ముందు వాట్లు చూడండి. డెక్‌తో వచ్చే చార్జర్ 45 వాట్లది. నేను మొదట వాడింది 18 వాట్ల పవర్ బ్యాంక్. 24 వాట్లు తినే గేము ఆడుతుంటే అది తగిలించినా శాతం కిందికే పోయేది, కాకపోతే నెమ్మదిగా. ఇప్పుడు వాడేది 45 వాట్లు ఇవ్వగలది, 20,000 మిల్లీ యాంపియర్ అవర్లది. దాన్ని 3.7 వోల్టులతో లెక్కిస్తే 74 వాట్ అవర్లు. మార్పిడి నష్టాలు పోగా అరవైకి కాస్త పైన చేతికొస్తుంది. డెక్‌ని ఒకసారి పూర్తిగా నింపి, ఇంకొంత మిగులుతుంది. విమానంలో వెంట ఉంచుకోవడానికి మామూలుగా ఉండే 100 వాట్ అవర్ల హద్దుకు ఇది లోపలే.

ఇన్నేళ్ల వాడకానికి బ్యాటరీ అరిగింది. డెక్‌ని మామూలు కంప్యూటర్‌లా వాడే డెస్క్‌టాప్ మోడ్‌లో చూస్తే నిండుగా ఉన్నప్పుడు 35 వాట్ అవర్లు పడుతున్నట్టు చూపిస్తోంది. లిథియం బ్యాటరీకి వేడి, నిండా చార్జ్‌తో ఎక్కువ కాలం ఉండటం, రెండూ పడవు. నేను మొదటి రెండేళ్లు ఇంట్లో ఎక్కువగా దాన్ని చార్జర్‌కి తగిలించే ఆడాను. ఇప్పుడు చార్జ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ డెక్‌ని నడిపే స్టీమ్ ఓఎస్‌లోనే ఉంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ 80 దగ్గరే ఉంచుతాను. ప్రయాణం ముందు రాత్రి మాత్రం హద్దు తీసేసి నిండా నింపుతాను. 35ని 14తో భాగిస్తే రెండున్నర గంటలు. కాబట్టి దారిలో ఆడాల్సిన గేమ్ ఏదైనా 14 వాట్లలోపు కుదిరేలా ముందు రోజే ప్రొఫైల్ సిద్ధం చేసుకుని, అప్పుడు సంచి సర్దుకుంటాను.