గుడి వెనక నరసింహస్వామి: చ్వాన్‌జౌలో రెండ్రోజులు

నేనూ మా చెల్లీ చైనాలో షియామెన్‌లో దిగి ఫాస్ట్ ట్రైన్ ఎక్కితే గంట కూడా పట్టలేదు చ్వాన్‌జౌకి. అరబ్బులు జైతూన్ అని పిలిచిన రేవు ఇదే, మార్కోపోలో తిరుగు ప్రయాణానికి ఓడెక్కింది కూడా ఇక్కడే, ఆయనే మన మోటుపల్లి గురించీ రుద్రమదేవి గురించీ రాశాడు కదా, అందుకే నాకు ఈ ఊరు చూడాలని ఎప్పట్నుంచో ఉంది.

ఫస్ట్ కైయువాన్ అనే బౌద్ధ గుడికి వెళ్ళండి. అందరూ రెండు రాతి గోపురాల దగ్గర ఫొటోలు దిగి వెళ్ళిపోతారు, మీరు మాత్రం పెద్ద మందిరం వెనక వరండాలోకి వెళ్ళండి, అక్కడ రెండు స్తంభాలున్నాయి. హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న నరసింహస్వామి, రోలు ఈడ్చుకుంటూ మద్దిచెట్ల మధ్య చిన్ని కృష్ణుడు! తమిళ వర్తకులు ఇక్కడ కట్టుకున్న గుడి పోయాక ఆ రాళ్ళు తెచ్చి బౌద్ధాలయంలో నిలబెట్టారు. మా చెల్లి చెయ్యెత్తి దణ్ణం పెట్టేసింది, నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి. 1281 నాటి తమిళ శాసనం మాత్రం ఇక్కడ లేదు, షియామెన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉంది, మాకు టైమ్ చాల్లేదు.

కైయువాన్ గుడి ఆవరణలోనే పాత ఓడ హాలుంది, అస్సలు మిస్సవ్వద్దు. 1974లో బురదలోంచి తవ్వి తీసిన సాంగ్ రాజవంశ కాలపు ఓడ, మిగిలిన భాగమే 24 మీటర్లు, లోపల 13 అరలు, ఒక అరలోకి నీళ్ళొచ్చినా మిగతావి మునక్కుండా అన్నమాట. అందులో సుగంధపు చెక్కలు, మిరియాలు, వక్కలు దొరికాయి.

1009 నాటి చింగ్‌జింగ్ మసీదు దగ్గరే, నడిచి వెళ్ళొచ్చు. లింగ్‌షాన్ అనే పాత ముస్లిం సమాధుల దగ్గర 1417లో చైనా నౌకాధిపతి జెంగ్ హె పర్షియా వైపు హోర్ముజ్ రేవుకి వెళ్తూ వచ్చి ధూపం వేశాడని రాసిన రాయి ఉంది, చిన్నదే, కానీ అన్ని ఓడలు నడిపినవాడు ఇక్కడ నిలబడ్డాడు అనుకుంటే ఒళ్ళు జలదరించింది. లోయాంగ్ వంతెనకి సముద్రం పోటు తగ్గినప్పుడు వెళ్ళండి, స్తంభాల రాళ్ళు అతుక్కోవడానికి వెయ్యేళ్ళ కిందట ఆల్చిప్పలు పెంచారట, అడుగున రాళ్ళు బాగా కనిపిస్తాయి.

రూమ్ విషయం జాగ్రత్త. మేం ముందే బుక్ చేసిన చిన్న హోటల్లో రాత్రి పదింటికి పాస్‌పోర్ట్ చూసి విదేశీయుల్ని తీసుకోం అన్నారు, బ్యాగులతో రోడ్డు మీద నిలబడ్డాం, చాలా బాధేసింది. తర్వాత వెస్ట్ స్ట్రీట్ పక్క సందులో ఒక పాత ఇంటి గెస్ట్‌హౌస్ ఆవిడ తీసుకున్నారు, 260 యువాన్లు, శుభ్రంగా ఉంది, పొద్దున్నే టీ ఇచ్చారు. బుక్ చేసేముందు మెసేజ్ పెట్టి అడగండి. అలీపే అనే ఫోన్ చెల్లింపుల యాప్‌లో మన కార్డు కలుపుకుని వెళ్తే డబ్బు కట్టడం తేలిక. వెజ్ వాళ్ళకి కొంచెం కష్టమే, ఎందులో చూసినా ఆల్చిప్పల మాంసం గానీ పంది మాంసం గానీ ఉంటుంది, గుడి దగ్గర శాకాహారం దొరికింది, అదే రెండ్రోజులూ తిన్నాం.

మళ్ళీ వెళ్తే మూడ్రోజులు పెట్టుకుంటా, ఒకటి ఆ స్తంభాల దగ్గరే కూర్చోడానికి.