ఒత్తులు తెగని పేజీ: ఫైర్‌ఫాక్స్ రీడర్ వ్యూ, ఏళ్ల తరబడి వాడాక

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేగం ఎంత, ర్యామ్ ఎంత తింటుంది, క్రోమ్‌తో పోలిస్తే ఎలా ఉంటుంది లాంటివి చెప్పే వీడియోలు బోలెడున్నాయి. వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది అడ్రస్ బార్‌కు కుడి చివర కాగితం బొమ్మలా కనిపించే చిన్న గుర్తు గురించి. దాన్ని నొక్కితే రీడర్ వ్యూ తెరుచుకుంటుంది, అంటే చుట్టూ ఉన్న గోలంతా తీసేసి వ్యాసం ఒక్కటే చూపిస్తుంది. విండోస్‌లో ఎఫ్9 నొక్కినా అంతే. ఆ రీడర్ వ్యూలో కూడా నాకు ప్రాణం ఒక్కదాని మీదే: లైన్ల మధ్య ఎడం పెంచుకునే సౌకర్యం.

అక్షరాల సైజు పెంచడం ఏ బ్రౌజర్‌లోనైనా చేసుకోవచ్చు. లైన్ల మధ్య ఎడం పెంచడం ఇంగ్లీషు చదివేవాళ్లకు ఉంటే మంచిది, లేకపోయినా గడుస్తుంది. అందుకే ఇంగ్లీషు సమీక్షల్లో దాని గురించి ఒక ముక్క కూడా రాయరు. తెలుగు చదివేవాళ్లకు అది లేకపోతే కుదరదు.

ఎందుకంటే మన అక్షరం ఒక్క అంతస్తులో ఉండేది కాదు. పైన తలకట్టు, గుడి, ఏత్వం. కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు. ‘లక్ష్మీ’ అని రాసి చూడండి, పైనా కిందా రెండు వైపులా చోటు అడుగుతుంది. ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ అయితే చెప్పనే అక్కర్లేదు. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారు చేసిన టెంప్లేటులో లైన్ హైట్, అంటే అక్షరం సైజుకు ఎన్ని రెట్లు ఎత్తు ఒక్కో లైనుకు ఇవ్వాలన్న అంకె, 1.2 దగ్గరో 1.3 దగ్గరో పెట్టి వదిలేస్తారు. అదే టెంప్లేటులో తెలుగు పోస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడుల్లోకి దిగబడతాయి. నా కంటికైతే 1.7 దాకా ఉంటే గానీ తెలుగు హాయిగా చదవబుద్ధి కాదు. వెబ్ పేజీలు అందరికీ చదవడానికి వీలుగా ఉండాలని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణాల్లో కూడా దీని మాట ఉంది. చదివేవాళ్లు లైన్ల ఎడాన్ని అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు పెంచుకున్నా పేజీలో ఏదీ తెగకూడదు, ఏదీ మాయం కాకూడదు అంటుంది ఆ నియమం. మన తెలుగు సైట్లలో దాన్ని పట్టించుకున్నవి చాలా తక్కువ.

హెడ్డింగుల సంగతి ఇంకా దారుణం. హెడ్డింగు పెట్టెకు ఎత్తు ఇంతేనని బిగించి, దాన్ని దాటినదాన్ని దాచెయ్యమని కోడ్ రాస్తారు. దాంతో కింది ఒత్తు తెగిపోతుంది. ‘వడ్డీ’ కాస్తా ‘వడీ’ అవుతుంది. ‘పెళ్లి’ కాస్తా ‘పెళి’ అవుతుంది. రోజూ వేలమంది చూసే పేజీలో ఇది ఎవరి కంటా పడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక నాకు ఈ బటన్ మీద ఇంత అభిమానం ఎందుకు పుట్టిందో చెప్తాను. మా నాయన నందికొట్కూరు వైపు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు కర్నూల్లో మా దగ్గరే ఉంటున్నారు. శుక్లం ఆపరేషన్ అయ్యాక డాక్టరు చూసి కన్ను బాగుంది, చదువుకోవచ్చు అన్నారు. కొత్త అద్దాలు కూడా వచ్చాయి. కానీ నాయన లాప్‌టాప్ ముందు కూర్చోవడం, కాసేపటికే అద్దాలు తీసి కళ్లు నులుముకోవడం, లేచిపోవడం. “కన్ను సరిగా కుదురుకోలేదప్పా” అని ఆయన అనుమానం. ఆ అనుమానంతోనే పేపరు తప్ప ఇంకేదీ ముట్టుకోవడం మానేశారు. పేపర్లో చిన్న అక్షరాలు చదవగలుగుతున్న మనిషి, తెర మీద అంతకన్నా పెద్ద అక్షరాలు ఎందుకు చదవలేకపోతున్నాడన్నది నాకు అంతుపట్టలేదు. పక్కన కూర్చుని చూశాను.

ఆయన తెరిచింది సంగమేశ్వరం గుడి మీద వ్యాసం. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గాక ఎండాకాలంలో బయటపడే గుడి కదా, సర్వీసులో ఉన్నప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని పోయిన చోటు. ఆ పేజీ పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, అన్నీ ఆ తానులో ముక్కలే. కుడి మూల తనంతట తాను ఆడే వీడియో ఒకటి, పేజీతో పాటే కిందికి వస్తుంది. మధ్యలో నోటిఫికేషన్లకు ఒప్పుకుంటారా అని ఒక పెట్టె. అవన్నీ నాయన ఎలాగో దాటుకున్నారు. అసలు చిక్కు వ్యాసంలోనే ఉంది.

“ఇది చూడు” అని తెర మీద వేలు పెట్టి చూపించారు. “ఈ ‘భద్ర’లో ర ఒత్తు కింది లైన్లో ‘భీమ’ గుడిదీర్ఘం మీద ఎక్కింది. ఏది దేనిదో నేను ఎట్ల తెలుసుకునేది? పిల్లోడు పరీక్షలో ఇట్ల రాస్తే మార్కులు తీసేసేటోన్ని.”

ఆయన చూపిన చోటును నేను దగ్గరికి వంగి చూశాను. ‘కృష్ణ’లో ణ ఒత్తు కూడా అంతే, కింది లైన్లో ఉన్న ఏత్వంలో కలిసిపోయి ఒక నల్లటి ముద్దలా ఉంది. నేను గబగబా చదివేస్తాను కాబట్టి నా కన్ను ఊహించుకుని దాటిపోతుంది. ఆయనకు నలభై ఏళ్లుగా ఒక్కో అక్షరం చూసి తప్పులు దిద్దే అలవాటు. ప్రతి ముద్ద దగ్గరా ఆగుతారు, విడదీయడానికి చూస్తారు, కన్ను అలసిపోతుంది. ఆపరేషన్‌కూ దీనికీ ఏం సంబంధం లేదు. అక్షరాలు పెద్దవి చేసుకుందామని కంట్రోల్ ప్లస్ నొక్కుతున్నారు పాపం. జూమ్ చేస్తే అక్షరంతో పాటు ఇరుకు కూడా అంతే పెరుగుతుంది. ఒత్తు కింది లైన్లోకి దిగబడటం ఎక్కడికీ పోదు.

ఎఫ్9 నొక్కాను. వీడియో, పెట్టెలు, పక్క వరుసలో హీరోయిన్ల ఫోటోలు అన్నీ పోయాయి. లేత పసుపు రంగు పేజీ పెట్టాను, దాన్ని సెపియా అంటారు. అక్షరం కాస్త పెద్దది చేశాను. ఆ తర్వాత లైన్ల ఎడం ఒక్కో మెట్టూ పెంచుతూ పోయాను. రెండు మెట్లు పెరిగేసరికి ‘భద్ర’ ఒత్తు కింద తెల్లగా చోటు కనపడింది. ఇంకొకటి పెంచేసరికి నాయన “చాలు, ఆపు” అన్నారు. మౌస్ నా చేతిలోంచి తీసుకున్నారు.

తర్వాత జరిగింది నేను అనుకోనిది. ఆయన మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఒక్కసారి కూడా అద్దాలు తీయకుండా, పైకి చదివారు. వేప మొద్దుతో చేసిన లింగం, ధర్మరాజు ప్రతిష్ఠ అనే కథ, అన్నీ. చదివి, వేళ్ల మీద లెక్కపెట్టి, “సప్తనదీ సంగమం అని రాసినాడు, పేర్లు ఆరే ఇచ్చినాడు. వేణి ఏమైపోయింది?” అన్నారు. నేను మళ్లీ చూశాను. తుంగ, భద్ర, కృష్ణ, భీమ, మలాపహారిణి, భవనాశి. నిజమే, వేణి లేదు. రాసినవాళ్లే వదిలేశారు. తప్పు పట్టుకున్న ఆ క్షణంలో ఆయన మొహంలో కనపడ్డ వెలుగు ఆపరేషన్ బాగా అయిందని డాక్టరు చెప్పినప్పుడు కూడా నేను చూడలేదు. ఆ రోజు నుంచి కన్ను గురించి మాట ఎత్తలేదు. ఆ వ్యాసాన్నే ప్రింటు తీయించి, వేణి పేరు పెన్నుతో చేర్చి, తనతో పనిచేసిన లెక్కల మాస్టారికి పంపించారు. రీడర్ వ్యూలోంచి తీసిన ప్రింటులో ప్రకటనలు రావు, పెంచుకున్న సైజులోనే వస్తుంది. ఇది కూడా నాకు నచ్చిన సంగతే.

ఈ పని దాని లోపల ఎలా జరుగుతుందో తెలిశాక నాకు ముచ్చట ఇంకా పెరిగింది. దీని మూలం 2009లో ఆర్క్90 అనే సంస్థ తెచ్చిన రీడబిలిటీ. బుక్‌మార్క్‌లా పెట్టుకుని నొక్కే చిన్న కోడ్ అది. మరుసటి ఏడాదే ఆపిల్ సఫారీలో రీడర్ వచ్చింది. డెస్క్‌టాప్ ఫైర్‌ఫాక్స్‌లోకి 2015లో వచ్చింది. పేజీలో అసలు వ్యాసం ఏదో కనిపెట్టడానికి ఇది పేరాలకు మార్కులు వేస్తుంది. పేరా ఉన్నందుకు ఒక మార్కు, అందులోని కామాలకు మార్కులు, నిడివికి మరికొన్ని మార్కులు. లింకులు ఎక్కువగా ఉన్న ముక్కకు మార్కులు తగ్గుతాయి. కోడ్‌లో ఆ పెట్టె పేరు సైడ్‌బార్ అనో, ఫుటర్ అనో ఉంటే అదీ నష్టమే. భాష తెలియాల్సిన అవసరం లేకుండా ఇలా లెక్కలతోనే తెలుగు వ్యాసాన్ని కూడా పట్టుకుంటుంది. ఆ కోడ్ ఎవరైనా తీసి చదువుకోవచ్చు. నేను చదివాను.

ఫైర్‌ఫాక్స్‌తో తెలుగువాళ్లకు పాత చుట్టరికమే ఉంది. తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌కు, అంటే అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర పద్ధతికి, రాకముందు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెర నిండా పిచ్చిగీతలే. అప్పట్లో పద్మ అనే యాడాన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) వేసుకుంటే ఫైర్‌ఫాక్స్‌లో అవన్నీ యూనికోడ్ తెలుగులోకి మారి కనిపించేవి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత తరహా యాడాన్లు పనిచెయ్యడం ఆగిపోయింది. అప్పటికి సైట్లు చాలావరకు యూనికోడ్‌కు మారాయి కాబట్టి లోటు తెలియలేదు. అక్షరం కనపడటం లేదన్న బాధ పోయింది, కనపడే అక్షరం ఇరుక్కుపోతోందన్న బాధ మాత్రం మిగిలింది.

ఇప్పుడు కొంచెం వెనక్కి తగ్గి చెప్పాల్సినవి. ఈ గుర్తు ప్రతి పేజీలో రాదు. హోం పేజీలో రాదు, రావాల్సిన అవసరమూ లేదు. వ్యాసంలా కనిపించే పేజీ అయితేనే వస్తుంది. ఆదోని పత్తి రేట్లు, కర్నూలు ఉల్లి రేట్లు చూసే పట్టికల పేజీలకు ఇది పనికొచ్చే వస్తువు కాదు. ప్రకటనలను ఆపేది అనుకుంటే కూడా పొరపాటు. పేజీ మొత్తం దిగాకే దాంట్లోంచి వ్యాసాన్ని ఏరి చూపిస్తుంది కాబట్టి డేటా ఏమీ మిగలదు. చదివి వినిపించే సౌకర్యం ఉంది, కానీ అది కంప్యూటర్‌లో ఉన్న గొంతుల మీద ఆధారపడుతుంది. నా లాప్‌టాప్‌లో తెలుగు గొంతు లేదు, అందుకని ఆ బటన్ మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నేను ఇంతసేపు పొగిడిన లైన్ల ఎడం డెస్క్‌టాప్‌కు సంబంధించింది. నా ఫోన్లో ఉన్న వెర్షన్‌లో అక్షరాల సైజు, ఫాంటు రకం, రంగు మార్చుకోవచ్చు, అంతే. తెలుగువాళ్లలో ఎక్కువమంది చదివేది ఫోన్లోనే కదా. అందుకే ఈ సమీక్ష చదివి ఫోన్లో వేసుకుందామనుకునేవాళ్లు ఆశ కొంచెం తగ్గించుకోవాలి.

సినిమా పేజీల విషయంలో నాది రెండు రకాల అభిప్రాయం. సమీక్షలు రీడర్ వ్యూలోనే చదువుతాను. రేటింగు చుక్కలు బొమ్మలుగా ఉంటాయి కాబట్టి చాలాసార్లు అవి ఇక్కడికి రావు, రాసినాయన ఏమనుకున్నాడో మాటల్లోనే తెలుసుకోవచ్చు. పాత నటుల మీద, పద్యనాటకాల మీద వచ్చే పెద్ద వ్యాసాలు నాయనకు అలాగే తీసి పెడతాను. ఫోటోల కోసం పోయే పేజీని మాత్రం ఉన్నది ఉన్నట్టే చూడాలి. బాగా కుదిర్చిన పేజీని ఊడబెరకడం నాకూ ఇష్టం ఉండదు. తెలుగులో లైన్లకు చోటు వదిలి, మండలి లాంటి ఫాంటు ఎంచుకుని, ఒత్తు కింద ఊపిరి ఆడేలా కూర్చిన చిన్న సైట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ నేను ఎఫ్9 నొక్కను. వాళ్ల ప్రకటనలు కూడా చూస్తాను.

సైట్లు తయారు చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. టెస్టింగుకు ఇంగ్లీషు నకిలీ వాక్యాలు పోసి చూడకండి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మీ’, ‘జ్యోత్స్న’, ‘కృష్ణ’ అని రెండు లైన్లలో, ఒకదాని కింద ఒకటి వచ్చేలా రాసి చూడండి. రెండూ తగలకుండా ఉంటే మీ పేజీ బాగున్నట్టే. లేకపోతే మార్చాల్సింది లైన్ హైట్ అనే ఒక్క అంకె.

ఇంట్లో లాప్‌టాప్ ఉండి, పెద్ద వ్యాసాలు, కథలు నిదానంగా చదివే మనిషి ఉంటే ఫైర్‌ఫాక్స్ వేసి, ఒకసారి ఎడం సరిచేసి ఇవ్వండి. ఆ తర్వాత ఏ వ్యాసం తెరిచినా అదే అమరిక ఉంటుంది, మళ్లీ మళ్లీ చేసిపెట్టే పని లేదు. ఫోన్లో నాలుగు లైన్ల వార్త చూసి పక్కకు పోయేవాళ్లకు దీంతో పెద్దగా పనిపడదు. నేను మాత్రం ఆఫీసు పనికి వేరే బ్రౌజర్ వాడుతూ కూడా, చదవడానికి దీన్నే ఉంచుకున్నాను. ఫోన్ వెర్షన్‌లోకి ఆ ఎడం కూడా వస్తే ఆ రెండో బ్రౌజర్ కూడా తీసేస్తానేమో, ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటే.