ఈఎస్‌ఎల్ క్లాసు, నాలుగేళ్ళ తర్వాత: మొదటి ఏడాది దొరికిన సాయం మూడో ఏడాది ఎందుకు లేదు?

అమెరికా స్కూళ్ళలో ఇంగ్లీష్ కొత్తగా నేర్చుకునే పిల్లలకి పెట్టే ఈఎస్‌ఎల్ క్లాసు మీద ఈ సమీక్ష మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు రాసి ఉంటే నిండా మెచ్చుకోలే ఉండేది. ఇప్పుడు పదకొండులో ఉంది. మెచ్చుకోవాల్సినవి ఇప్పటికీ ఉన్నాయి, కానీ వాటి పక్కనే ఒక కోపం కూడా చేరింది. అదంతా ఒక్క విషయం మీదే: ఇక ఈ పిల్లకి సాయం అక్కర్లేదని తేల్చే పద్ధతి మీద.

ముందు మా సంగతి. మేం నార్త్ కరోలినాలో క్యారీ దగ్గర ఉంటాం. తెలంగాణలో ఒక బాలసదనంలో పెరిగిన అమ్మాయిని పన్నెండేళ్ళ వయసులో దత్తత తీసుకున్నాం. మాకు అప్పటికే ఒక బాబు ఉన్నాడు, వాడు తనకంటే చిన్న. దత్తతకి కావలసిన కారా రిజిస్ట్రేషన్, హోమ్ స్టడీ, ఐ-800 ఫారాలు, వీసా గురించి ఇక్కడ రాయను, అవి వెతికితే దొరుకుతాయి. పసిపిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళ అనుభవాలు కూడా చాలానే చదివాం. పన్నెండేళ్ళ పిల్ల విమానం దిగి కొద్ది వారాల్లోనే మిడిల్ స్కూల్లో కూర్చుంటే ఏమవుతుందో చెప్పేవాళ్ళు మాత్రం మాకు దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

స్కూల్లో చేర్పించేటప్పుడు ఒక ఫారం ఇస్తారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్ల మొదట ఏ భాష నేర్చుకుంది అని అడుగుతారు. మన వాళ్ళలో చాలామంది అందులో ఇంగ్లీష్ అని రాసేస్తారు. ఈఎస్‌ఎల్ ముద్ర పడితే పిల్లలు వెనకబడతారని భయం. మాకూ ఆ సలహా ఇచ్చారు. ఇక్కడే పుట్టిన పిల్లలకి ఆ భయంలో ఎంత నిజముందో కానీ, మాలాంటి ఇంటికి అది పనికిరాని సలహా. తెలుగు అని రాశాం కాబట్టే ఇంగ్లీష్ ఎంత వచ్చో చూసే స్క్రీనర్ పరీక్ష పెట్టారు, అన్నిటికంటే కిందిదైన ఒకటో లెవెల్ అన్నారు, ఈఎస్‌ఎల్‌లో చేర్చారు. ఇంగ్లీష్ రాని పిల్లల్ని మామూలు క్లాసులో ఊరికే కూర్చోబెడితే చదువు చెప్పినట్టు కాదని 1974లోనే, శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనీస్ పిల్లల కేసులో, అమెరికా సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి ఇది స్కూలు దయతలచి ఇచ్చేది కాదు, పిల్లకి ఉన్న హక్కు.

ఆ మొదటి ఏడాది ఈఎస్‌ఎల్ గది గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇండియాలో పిల్లలు ఒకే గదిలో కూర్చుంటే టీచర్లు మారతారు. ఇక్కడ బెల్లు కొట్టగానే పిల్లలే పరుగెత్తాలి. నంబర్లు తిప్పి తెరిచే లాకరు, లంచ్ దగ్గర కీప్యాడ్‌లో కొట్టాల్సిన నంబరు, ఇవన్నీ చదువుకంటే పెద్ద టెన్షన్. ఈఎస్‌ఎల్ టీచర్ గారు మా అమ్మాయిని లంచ్ టైముకి ముందే ఖాళీ కెఫెటీరియాకి తీసుకెళ్ళి, ట్రే ఎక్కడ తీసుకోవాలో, నంబరు ఎలా కొట్టాలో, తిన్నాక ఎక్కడ పడేయాలో ఒక్కొక్కటే చేయించారు. మొదట్లో నోరు విప్పమని ఒక్కసారి కూడా బలవంతం చేయలేదు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు వింటూ మాత్రమే ఉంటారని, అది మొండితనం కాదని ఆవిడే మాకు చెప్పారు. ఇంట్లో మా బాబుకి కూడా అదే చెప్పాం, వాడు "అక్క నాతో ఎందుకు మాట్లాడట్లేదు" అని అడగడం మానేశాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. ఆ గదిలో హోండురస్ నుంచి, కాంగో నుంచి, వియత్నాం నుంచి వచ్చిన పిల్లలు ఉండేవాళ్ళు. అందరూ కొత్తవాళ్ళే, అందరికీ చెప్పుకోని సంగతులు ఏవో ఉన్నవాళ్ళే. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని ఎవరూ ఎవర్నీ అడగరు. గుళ్ళో, పుట్టినరోజు పార్టీల్లో మన వాళ్ళు ఆ ప్రశ్న పిల్ల ముందే అడిగేవాళ్ళు. "ఇన్నాళ్ళూ ఇండియాలో అమ్మమ్మ దగ్గరుందా అండీ?" అని. తను నా మొహం వైపు చూసేది. "మా అమ్మాయండీ, ఈ మధ్యే వచ్చింది" అని నేను మాట మార్చేదాన్ని. పాత కథ చెప్పుకోవాల్సిన పనిలేని చోటు తనకి ఆ ఏడాది అదొక్కటే. ఈఎస్‌ఎల్ రెండు పీరియడ్లు ఉన్న రోజు ఇంటికొచ్చి కడుపునిండా తినేది. లేని రోజు బిస్కెట్ ప్యాకెట్ దిండు కింద పెట్టుకుని పడుకునేది. వసతి గృహాల్లో పెరిగిన పిల్లల్లో ఇలా తిండి దాచుకోవడం మామూలేనని సోషల్ వర్కర్ చెప్పారు. వంటింటి గట్టు మీద పళ్ళు, చిరుతిళ్ళు ఉన్న బుట్ట ఒకటి ఎప్పుడూ తనకి అందేలా పెట్టండి, ఎవర్నీ అడగక్కర్లేదని చెప్పండి, దాచింది కనబడ్డా ఏమీ అనకండి అన్నారు. అలాగే చేశాం. దిండు కింద ప్యాకెట్లు మెల్లగా తగ్గాయి.

లెక్కల్లో మాత్రం అనుకోని ఆనందం దొరికింది. తెలుగు మీడియంలో చదివిన లెక్కలు తనకి బాగా వచ్చు. భాగహారం మనం రాసినట్టే, భాగఫలం కుడి పక్కన పెట్టి చేసేది. ఇక్కడ అది పైన రాస్తారు. లక్ష రాయమంటే కామా రెండు సున్నాల తర్వాత పెట్టేది. జవాబులన్నీ కరెక్టే. లెక్కల టీచర్ మొదట తికమకపడి, తర్వాత ఈఎస్‌ఎల్ టీచర్‌ని పిలిచి చూపించారట. ఇద్దరూ కలిసి మా అమ్మాయి చేత బోర్డు మీద భాగహారం చేయించి, ఇలా కూడా చేస్తారని క్లాసుకి చూపించారు. ఆ రోజు ఇంటికొచ్చి తనంతట తాను మొదలుపెట్టి స్కూలు కబుర్లు చెప్పింది. అంతవరకూ మేం అడిగితేనే చెప్పేది.

ఇక కోపం సంగతి. ఇక్కడ ఏటా జనవరి, మార్చి నెలల మధ్య ఈఎస్‌ఎల్ పిల్లలకి యాక్సెస్ అనే పరీక్ష ఉంటుంది. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం, నాలుగూ చూస్తారు. మొత్తం స్కోరులో చదవడానికి 35 శాతం, రాయడానికి 35 శాతం, మిగతా రెండిటికీ చెరి 15 శాతం. మా అమ్మాయి రాసినప్పుడు మా రాష్ట్రంలో మొత్తం స్కోరు 6కి 4.8 వస్తే ఈఎస్‌ఎల్ నుంచి బయటికి పంపేవారు. ఎనిమిదిలో సరిగ్గా 4.8 వచ్చింది. శుభాకాంక్షలు చెబుతూ ఇంటికి లెటర్ వచ్చింది. పాయసం వండుకున్నాం. ఆ సంతోషం ఇప్పటికీ నిజమైనదే, అంత కష్టపడింది పిల్ల.

తొమ్మిదిలో వరల్డ్ హిస్టరీ. పారిశ్రామిక విప్లవం మీద నాలుగైదు పాత పత్రాలు ఇచ్చి, వాటిని ఆధారంగా చూపిస్తూ సొంత వాదనతో వ్యాసం రాయమన్నారు. మా అమ్మాయి ఆ పత్రాల్లోంచి వాక్యాలు ఏరి, ఒకదాని పక్కన ఒకటి చక్కగా పేర్చి రాసింది. తను చదివిన పద్ధతి అది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే పూర్తి మార్కులు వేసే చదువులోంచి వచ్చింది. ఇక్కడ దాన్ని కాపీ అన్నారు. సున్నా వేసి, నిజాయితీ నియమాలు ఉల్లంఘించిందని నోటు పెట్టి పంపారు. బయాలజీ ల్యాబ్ రిపోర్టులకీ అదే గతి. ఆ టీచర్లకి తను ఈఎస్‌ఎల్ పిల్ల అని కూడా తెలియదు, జాబితాలోంచి పేరు తీసేశారు కాబట్టి. "ఎంత బాగా మాట్లాడుతుందో, రాయడానికేం బాధ?" అన్నట్టుండేది వాళ్ళ ధోరణి.

మాకు ఈమెయిల్ వచ్చేసరికి క్వార్టర్ సగం అయిపోయింది. పరుపు కింద మడిచిపెట్టిన పేపర్లు బయటపడ్డాయి. తిండి దాచడం మానేసిన పిల్ల ఇప్పుడు మార్కులు దాస్తోంది. కాపీ కొట్టావా అని నేను అడగలేదు. ఏమైందో చెప్పమన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా, "అమ్మా, ఫెయిలైతే నన్ను మళ్ళీ అక్కడికే పంపించేస్తారా?" అని అడిగింది.

మాతో రెండేళ్ళు గడిపిన పిల్ల అడిగిన మాట అది. మా ఆయన లోపలికెళ్ళి ఫైలు తెచ్చారు. దత్తత ఆర్డరు, పౌరసత్వం సర్టిఫికెట్ టేబుల్ మీద పెట్టి, తన పేరు, మా పేర్లు ఉన్న చోట వేలు పెట్టి చదివించారు. ఇండియాలోనే దత్తత పూర్తయి, పద్దెనిమిదేళ్ళలోపు వయసులో దత్తత వీసా మీద వచ్చి తల్లిదండ్రుల దగ్గర ఉండే పిల్లలు, వాళ్ళలో ఒకరైనా సిటిజన్ అయితే, ఈ దేశంలో దిగిన రోజే సిటిజన్లు. 2000లో చేసిన చట్టం అది. ఏ రిపోర్ట్ కార్డుకీ దాన్ని మార్చే శక్తి లేదని చెప్పాం. ఆ రాత్రికే నమ్మేసిందని నేను అనను. కానీ పేపర్లు దాయడం మానేసింది.

స్కూల్లో మీటింగ్ అడిగాం. నేర్చుకోవడంలో లోపం ఉందేమో పరీక్షిద్దామని కౌన్సెలర్ అన్నారు. ఇంగ్లీష్ సరిగ్గా రాకపోవడమే కారణమైతే దాన్ని వైకల్యంగా లెక్కకట్టకూడదని ప్రత్యేక విద్య చట్టంలోనే ఉంది. ఆ సంగతి మేం ముందే చదువుకుని వెళ్ళాం. హైస్కూల్ ఈఎస్‌ఎల్ టీచర్ ఒకరు పాత యాక్సెస్ రిపోర్టు తెరిచి, నాలుగు స్కోర్లూ విడివిడిగా చూపించారు. వినడం, చదవడం 5 దాటాయి. రాయడం 4 కూడా లేదు. మొత్తం కలిపేసరికి ఎక్కువున్నవి తక్కువున్నదాన్ని కప్పేశాయి. నాకు మండింది అక్కడే. ఆ అంకె ఎవరో ఒకరి ఫైల్లో వేసవి నుంచీ ఉంది. బయటికి పంపిన పిల్లల్ని కనీసం రెండేళ్ళు గమనిస్తూ ఉండాలని, అవసరమైతే మళ్ళీ పరీక్షించి చేర్చుకోవచ్చని 2015లో ఫెడరల్ ప్రభుత్వం స్కూళ్ళకి స్పష్టంగా చెప్పింది (ఆ మార్గదర్శకాల్ని 2025లో వెనక్కి తీసుకుంది). గమనించాల్సిన మొదటి క్వార్టర్లోనే ఎవరూ గమనించలేదు. మేం అడిగాకే స్క్రీనర్ మళ్ళీ పెట్టారు, రాయడం కోసం రోజుకో పీరియడ్ ఇచ్చారు.

ఆ పీరియడ్ వల్లే గట్టెక్కింది. ఆ టీచర్ చెప్పిన పద్ధతి చాలా సులువు: పత్రం ఒకసారి చదువు, మూసేయ్, ఇంట్లో అమ్మకి తెలుగులో చెప్పు, ఆ తర్వాత పత్రం తెరవకుండా ఇంగ్లీష్‌లో రాయి. సాయంత్రం నేను పప్పు పోపు పెడుతుంటే పక్కన నిలబడి మాంచెస్టర్ బట్టల మిల్లుల్లో పిల్లలు ఎన్ని గంటలు పనిచేసేవాళ్ళో చెప్పేది. మొదట్లో పొడిపొడిగా, తర్వాత కోపంగా, తన అభిప్రాయంతో సహా. ఆ అభిప్రాయమే వ్యాసంలో కావలసింది. ఏడాది ఆఖరికి హిస్టరీలో బి వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, తొందరగా వస్తుందని చెప్పినవాళ్ళ మాట వినకపోవడం ఎంత మేలైందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు వెనక్కి చూస్తే మిడిల్ స్కూల్ ఈఎస్‌ఎల్ మీద నా మెచ్చుకోలు కొంచెం తగ్గించి చెప్పాలి. ఆ గది పిల్లకి ఊపిరి పోసింది, అందులో అనుమానం లేదు. కానీ అక్కడ రాయడమంటే ఎక్కువగా సగం రాసి ఇచ్చిన వాక్యాల్లో ఖాళీలు నింపడమే. మొదటి ఏడాదికి అది సరిపోయింది. రెండో ఏడాది కూడా అదే నడిచింది. మార్కులు ఎక్కువగా ప్రయత్నానికే వేసేవాళ్ళు. పేరా మొత్తం సొంతంగా రాయాల్సిన అవసరం హైస్కూల్ దాకా తనకి రాలేదు, అందుకే ఆ లోటు ఎవరి కంటా పడలేదు. స్నేహాలు కూడా ఆ గదిలోనే ఆగిపోయాయి. హైస్కూల్లో ఆ పిల్లలు వేరే వేరే స్కూళ్ళకి వెళ్ళిపోతే లంచ్‌లో మళ్ళీ ఒంటరిదైంది.

ఇంకో సంగతి. ఇండియా నుంచి దత్తత తీసుకుంటే రెండేళ్ళపాటు ఏజెన్సీ వాళ్ళు వచ్చి చూసి రిపోర్టులు పంపాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. మాకు ఆ రిపోర్టులు అయిపోయిన వేసవిలోనే ఈఎస్‌ఎల్ లెటర్ వచ్చింది. సోషల్ వర్కర్ రావడం మానేశారు, ఈఎస్‌ఎల్ టీచర్ లేరు. అందరి లెక్కలో మా అమ్మాయి కుదురుకున్నట్టే. రోజువారీ మాటలు రెండేళ్ళలో వస్తాయి కానీ, చదువుకి కావలసిన భాషలో తోటి పిల్లల్ని అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని టొరంటోలో పనిచేసిన జిమ్ కమ్మిన్స్ అనే పరిశోధకుడు ఎప్పుడో చెప్పారు. ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన విషయమే. అయినా సాయమంతా మొదటి రెండేళ్ళలోనే కుమ్మరించి, మాటలు వచ్చి అసలు చదువు మొదలయ్యే మూడో ఏడాదికి చేతులు దులుపుకుంటారు. పైగా మా పిల్లకి అది హైస్కూల్ మొదటి ఏడాది. ఆ మార్కులు కాలేజీ దాకా వెంట వస్తాయి.

కాబట్టి ఈఎస్‌ఎల్ తీసుకోమంటానా? తప్పకుండా తీసుకోమంటాను, కానీ మా అనుభవాన్ని మీ ఇంటికి యథాతథంగా అన్వయించుకోకండి. మాది తెలుగు ఇల్లు, పిల్లది తెలుగు మీడియం చదువు, నాది పార్ట్‌టైమ్ ఉద్యోగం కాబట్టి సాయంత్రాలు ఇంట్లో ఉంటాను. మీరు ఒడియానో జార్ఖండ్ వైపు హిందీనో మాట్లాడే పిల్లని తెలుగింటికి తెచ్చుకుంటే, ఇంట్లో చెప్పి స్కూల్లో రాసే ఈ పద్ధతి ఇంత సులువుగా సాగకపోవచ్చు. ఆరేడేళ్ళ పిల్లలకైతే రాయడం తోటి పిల్లలతో పాటే వస్తుంది, నేను చెప్పిన గొడవ చాలావరకు ఉండకపోవచ్చు. పదేళ్ళు దాటిన పిల్లని తెచ్చుకునేవాళ్ళు మాత్రం, ఈఎస్‌ఎల్ అయిపోయిందని లెటర్ రాగానే, నాలుగు స్కోర్లూ విడివిడిగా ఉన్న రిపోర్టు అడిగి తీసుకోండి. రాయడం ఎంతుందో చూడండి. తక్కువుంటే, పై తరగతి మొదలవకముందే, వచ్చే రెండేళ్ళు ఎవరు గమనిస్తారో పేరుతో సహా స్కూలుకి ఈమెయిల్ రాసి అడగండి. మేం ఈ ఏడాదీ అదే చేయబోతున్నాం, యాక్సెస్ రిజల్ట్స్ ఇంకా రావాలి.